సైరన్ లేని అదురు

రాతిమెట్టలో భూమి అదిరితే జనం ఇంట్లోకి పరిగెడతారు. లోకమంతా బయటికి ఉరికే వేళ వీళ్లు లోపలికి ఉరుకుతారు. ఇది తెలివితక్కువతనం కాదు, నేర్పగా వచ్చిన బుద్ధి. నేర్పింది రాజరాజేశ్వరి.

కొవ్వూరు నుంచి మెట్టకి పోయే రోడ్డు పక్కన ఉంటుంది ఊరు. ఊరి వెనకే క్వారీ. అక్కడి నల్లరాయి అసలు రాయి కాదు, లావా. కోట్ల ఏళ్ల కిందట ఎక్కడో పడమట భూమి చీలి కక్కితే ఇంత దూరం పారి వచ్చి గడ్డకట్టింది. ఇప్పుడు దానికి గుంటలు వేసి, మందు కూరి పేల్చి, కంకర చేసి లారీల్లో పోస్తున్నారు. డెల్టాలో ఎవడు మేడ కట్టినా, ఏ రోడ్డు పోసినా అడుగున ఉండేది రాతిమెట్ట కడుపే. మేడలు వాళ్లవి, పగుళ్లు వీళ్లవి. ఊళ్లో పగలని గోడ లేదు. ఆ పగుళ్లలో పేడ పెట్టి మెత్తేవాళ్లు కొందరు, సిమెంటు పెట్టేవాళ్లు కొందరు, క్యాలెండరు తగిలించి కప్పేసేవాళ్లు ఇంకొందరు.

రాజేశ్వరిది పిండిమర. మొగుడు పోయాక తనే నడుపుకుంటోంది. చదివింది ఐదో తరగతి. కానీ కాగితం ఏది చేతికొచ్చినా చదివేది, ఏ ఆఫీసుకైనా వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చునేది. ఒక పేలుడుకి తలకాయంత రాయి ఎగిరొచ్చి బడి వరండాలో పడిన రోజున ఆవిడ మర కట్టేసి రోడ్డు మీద కూర్చుంది. ఊరు ఆవిడ వెనకాల కూర్చుంది. లారీలు ఆగాయి. చివరికి క్వారీవాళ్లు దిగొచ్చి సైరన్ పెట్టారు. ముందు సైరన్, తరవాతే పేలుడు అని ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నంత మాత్రాన మాట నిలబెట్టుకుంటారా? అప్పుడప్పుడూ సైరన్ మింగేసి పేల్చేవాళ్లు. వాటికి ఊళ్లో దొంగ పేలుళ్లని పేరు. అందుకని రాజేశ్వరి చేతి మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగి జనానికి అలవాటు చేసింది. సైరన్ విన్నా లోపలికి. సైరన్ లేకుండా కాళ్ల కింద అదిరినా లోపలికే. కప్పు కింద ఉన్నవాడికి రాయి తగలదు. ముసలాళ్ల చేత నడిపించి చూసింది, పిల్లల చేత పరిగెత్తించింది. లేవడానికి బద్ధకించిన మగాళ్లని "ఏం, రాయి మిమ్మల్ని చూసి సిగ్గుపడుతుందా?" అని తిట్టింది. ఊరు నేర్చుకుంది. ఆ తరవాత ఒక్కడికీ రాయి తగల్లేదు. అది ఆవిడ గెలుపు. కాదనలేం.

ఆ గెలుపు నెత్తికెక్కిన రోజుల్లోనే ఒక సభ జరిగింది. పగుళ్లు మా వల్ల కాదు, ఈ ప్రాంతంలో చిన్నాచితకా భూకంపాలొస్తుంటాయి, వాటివల్లేనని క్వారీవాళ్లు కాగితం రాసిచ్చారు. దానికి జవాబు చెప్పించాలని, క్వారీ మీద పోరాడే ఊరి కమిటీలోని కుర్రాడు రమేష్ బాబు రాజమండ్రి నుంచి ఉదయ్‌భాస్కర్ అనే లెక్చరర్‌ని తీసుకొచ్చాడు. భూమి సంగతులు చెప్పే మాస్టారు. బక్కపలచటి మనిషి, చొక్కా జేబులో భూతద్దం.

ఆయన ముందు బాగానే మాట్లాడాడు. పగుళ్లలో ఎక్కువ భాగం పేలుళ్లవేనన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపితే హీరో అయ్యేవాడు. ఆపలేదు.

"అయితే ఒక్కటండి. భూకంపం ఇక్కడ రానే రాదనుకోకండి. గోదావరి మనకి ఎగువన చాలా దూరం పాత పగుళ్ల మధ్య దిగబడిన పల్లంలోనే పారుతుందండి. మన దేశమంతా ఒక పలక. అది ఉత్తరానికి జరుగుతూ హిమాలయాన్ని నెడుతోంది. ఆ నెట్టుడు లోపలి పాత పగుళ్ల మీద కూడా..."

రాజేశ్వరి లేచి మైకు లాక్కుంది. "పలకా? బలపం కూడా ఇచ్చాడా మాస్టారూ క్వారీ ఆసామి?"

జనం ఒకటే నవ్వు. ఎవడో ఈల వేశాడు.

"వినండర్రా! వీళ్లు మందు పెట్టి మన గోడలు పగలగొట్టి, భూదేవి మీద నేరం తోస్తారంట. భూమి తనంతట తను కదల్లేదు. కదిపారు! ఈ ఊళ్లో భూకంపం అన్న మాట ఎవడు ఎత్తినా వాడు క్వారీ కూడు తిన్నవాడే!"

ఆ మాస్టారు ఏదో అనబోయి, అనకుండానే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి రాతిమెట్టలో ఆ మాట ఎత్తడానికి జనం జడిశారు. ఎత్తితే ద్రోహి.

సరే, ఇప్పుడు ఆ ఉదయం సంగతి.

రాజేశ్వరి మరలో బియ్యప్పిండి ఆడుతోంది. వీధికి అటుపక్క అప్పాయమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని చేటలో చిక్కుడుకాయలు తుంపుతోంది. ఆవిడ కొడుకు వెంకన్న పామాయిల్ తోటకి గెలలు కొయ్యడానికి వెళ్లాడు. కోడలు శ్రీదుర్గ కుళాయి దగ్గర ఉంది.

"ఒసే రాజేశ్వరీ! నీ మరకి చలిజ్వరం వచ్చిందే. ఎలా వణికిపోతోందో చూడు!" అంది అప్పాయమ్మ.

"మరకి కాదత్తా, నీ మంచానికి వచ్చినట్టుంది. నిన్న మందు వేసుకున్నావా?"

"నేను మందేసుకుంటే నీ మర ఎందుకూగుతుందే?"

రాజేశ్వరి నవ్వుతూ స్విచ్చి కట్టేసింది. మర ఆగింది. వణుకు ఆగలేదు. పిండి డబ్బా మూత గలగలలాడింది. పైన రేకులు టపటప కొట్టుకున్నాయి. కింద నుంచి, బాగా కింద నుంచి, ఒక ఉరుము. సైరన్ మోగలేదు.

ఆవిడకి ముందు వచ్చింది భయం కాదు, కోపం. దొంగ వెధవలు మళ్లీ మాట తప్పారు! మేకుకి తగిలించిన మైకు లాగి వీధిలోకి దూకింది.

"దొంగ పేలుడు! సైరన్ లేకుండా పేల్చారు! లోపలికి పదండి! అందరూ లోపలికి! రాళ్లొస్తాయ్!"

తలుపులు దడదడా మూసుకున్నాయి. కుళాయి దగ్గరి ఆడవాళ్లు బిందెలు వదిలేసి దొరికిన వసారాలోకల్లా దూరారు. అప్పాయమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని రాజేశ్వరి వైపు చూసింది. ఒక్కత్తీ ఆరుబయట, నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేని చోట, మంచం మీద కూర్చుని ఉంది.

"నిన్నేనత్తా! లే! లోపలికెళ్లు!"

"అలాగేనే తల్లీ, వెళ్తున్నా. అరవకు." చేట పక్కన పెట్టి, కర్ర తీసుకుని, గడప దాటి లోపలికి వెళ్లింది.

రాజేశ్వరి మర గుమ్మంలో నిలబడి రాళ్ల కోసం ఆకాశంలోకి చూసింది. రాళ్లు రాలేదు. క్వారీ మీద ప్రతిసారీ లేచే తెల్లటి దుమ్ము లేవలేదు. పేలుడైతే ఒక్క దెబ్బతో పోతుంది. ఇది పోలేదు. మళ్లీ వచ్చింది, ఈసారి గట్టిగా, వీధి వీధంతా చేటలో బియ్యం చెరిగినట్టు. ఇది వాళ్ల పని కాదని ఆవిడకి అప్పుడే తెలిసింది. తెలిసేసరికి అప్పాయమ్మ ఇంటి గోడ పగులు దగ్గర విడిపోయి, క్యాలెండరుతో సహా లోపలికి ఒరిగింది.

ఆటోలో అప్పాయమ్మ తల రాజేశ్వరి ఒళ్లో ఉంది. ముందు డ్రైవరు పక్కన వెంకన్న, తోటలోంచి వచ్చినవాడు వచ్చినట్టే, చొక్కా నిండా గెలల ముళ్లు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. కొవ్వూరు దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కాక అప్పాయమ్మ కళ్లు తెరిచింది.

"రాళ్లు పడ్డాయేంటే?"

రాజేశ్వరి నోరు దానంతట అదే తెరుచుకుంది. "పడ్డాయత్తా. చాలా పడ్డాయి. నువ్వు లోపలికెళ్లి మంచి పని చేశావు."

ముసలావిడ తల ఊపినట్టు చేసింది. బ్రిడ్జి దాటకముందే ప్రాణం పోయింది. వెంకన్న వెనక్కి తిరిగి చూడకుండానే ఏడవడం మొదలుపెట్టాడు. "రాళ్లు పడ్డాయా అక్కా? చంపేశారు కదా అక్కా మా అమ్మని" అన్నాడు. ఆవిడ కాదనలేదు.

ఆసుపత్రి వరండాలో ప్రతి ఫోనూ మోగుతోంది. కొవ్వూరులో అదిరిందంట, పట్టిసీమలో అదిరిందంట, ద్రాక్షారామంలో గుడి బయట జనం పరుగులంట. టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెడుతున్నాయి. స్వల్ప భూకంపం, ప్రాణనష్టం లేదు. ప్రాణనష్టం లేదన్న ఆ ముక్కని రాజేశ్వరి కళ్లు తిప్పకుండా చూసింది. లేకపోవాల్సిందే. అత్త మంచం మీదే ఉంటే లేకపోయేదే.

సాయంత్రానికి రమేష్ బాబు వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి. చావు దగ్గర అలా మెరవకూడదని తెలియని వయసు.

"అక్కా, పొద్దున్నే బాడీ తీసుకెళ్లి క్వారీ గేటు ముందు పెడదాం. ఆర్డీవో గారు వస్తానన్నారు. ఇంక మూసేయక చస్తారా?"

"టీవీలో భూకంపమంటున్నారు కదరా."

"టీవీ కూడా వాళ్లదే అంటే సరి. నువ్వంటే నమ్ముతారక్కా. వెంకన్నన్న చెప్తున్నాడుగా, రాళ్లు పడ్డాయని నువ్వే అన్నావంట."

రమేష్ బాబు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఆ గోడ పగలగొట్టింది వాళ్లే కదా. అది నిజమే కదా. ఇన్నేళ్లు తిరిగాం. ఇంకోసారి ఇలాంటిది దొరకదు."

దొరకదు! చావు దొరికిందా వీడికి? చెంప మీద కొడదామని చెయ్యి లేచింది. వీడికి ఈ భాష నేర్పింది తనేనని గుర్తొచ్చి దిగిపోయింది.

వాడు వెళ్లాక ఫోనులో వెతికి ఉదయ్‌భాస్కర్‌కి చేసింది. తను ఫలానా అని చెప్పింది.

"చెప్పండి రాజేశ్వరిగారూ."

"మళ్లీ వస్తుందాండీ?"

"ఎవరూ చెప్పలేరండి. రావచ్చు, రాకపోవచ్చు. ఒకదాని వెనక చిన్నవి వచ్చే అలవాటుంది."

"వస్తే ఏం చెయ్యాలి?"

"మీ ఊరి గోడలకైతే బయటికి రావాలండి. ఖాళీగా ఉన్న చోటికి. గోడలకీ కరెంటు తీగలకీ దూరంగా. రాలేకపోతే గట్టి బల్ల కిందకి."

"ఈ ముక్క ఆ రోజే చెప్పలేదేంటి మాస్టారూ?" అంది. ఎవరి మీదైనా కోప్పడాలి కదా.

"చెప్పబోయానండి. మైకు మీరు తీసుకున్నారు." ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. తిట్టి ఫోను పెట్టేసేది.

మర్నాడు క్వారీ గేటు ముందు టెంటు వేశారు. ఐసు పెట్టెలో అప్పాయమ్మ. పక్కన శ్రీదుర్గ, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిపోయింది. కుర్చీలో ఆర్డీవో. గేటు లోపల మేనేజరు గణేష్‌బాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా అక్కడే ఉంది.

"చంపింది మేం కాదండి. భూకంపమండి. దేవుడి పని. నిన్న అసలు మందే కూరలేదు మేము" అన్నాడు గణేష్‌బాబు.

"దేవుడికి మందు అమ్మింది నువ్వేగా!" అని ఒక ముసలాడు అరిచాడు. నవ్వాల్సిన చోటు కాకపోయినా నలుగురు నవ్వారు.

"మాట్లాడక్కా" అని రమేష్ బాబు మైకు చేతిలో పెట్టాడు.

రాజేశ్వరి మైకు పట్టుకుంది. ఎదురుగా అన్నీ తెలిసిన ముఖాలే. ఆవిడ ఏం చెబుతుందో అదే తమ మాట అనుకునే ముఖాలు. పేలుడు అంటే చాలు. ఒక్క మాట. క్వారీ మూతపడుతుంది, బడి మీద రాయి పడదు, పసిపిల్లలు దుమ్ము పీల్చరు. ఆ ఒక్క మాటా పూర్తి అబద్ధం కూడా కాదు. గొంతు సవరించుకుంది.

అంతలో రోడ్డు మీద ఖాళీ టిప్పరొకటి గోతిలో పడి ధడేల్మంది. నేల అదిరింది. అంతే. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆడవాళ్లు పిల్లల రెక్కలు పట్టుకుని, పక్కనే లారీలు తూచే పాత కాటా షెడ్డు శ్లాబు కిందకి జరజరా దూరిపోయారు. ఆ శ్లాబుకి ఇనుప చువ్వలు బయటపడి వేలాడుతున్నాయి. టెంటు కింద పైన గుడ్డ తప్ప బరువు లేదు. అక్కడి నుంచి లేచి వెళ్లి దాని కింద నిలబడి, బాగా చేశాం కదా అన్నట్టు రాజేశ్వరి వైపు చూశారు.

అచ్చం అప్పాయమ్మ చూసినట్టే.

ఇప్పుడు పేలుడని చెప్తే వీళ్లు ఎప్పటికీ ఆ శ్లాబు కిందే ఉంటారు.

"అక్కడి నుంచి రండి" అంది. మైకులో గొంతు కీచుమంది. "బయటికి రండర్రా! నిన్న వచ్చింది పేలుడు కాదు. భూకంపం!"

ఎవరూ కదల్లేదు. రమేష్ బాబు "అక్కా!" అన్నాడు. గణేష్‌బాబు గేటు లోపల చప్పున కట్టిన చేతులు విప్పాడు.

"భూకంపం! ఆ మాట అన్నవాడు ద్రోహి అని నేనే అన్నాను. ఇప్పుడు నేనంటున్నా. రాయి వచ్చేటప్పుడు లోపలికి, భూమి ఊగేటప్పుడు బయటికి. నేను మీకు సగమే నేర్పాను. నిన్న అప్పాయమ్మత్త బయటే ఉంది. మంచం మీద. ఏమీ అయ్యేది కాదు. నేను చూశాను. చూసి, పిలిచి మరీ లోపలికి పొమ్మన్నాను. ఆవిడ..."

మైకు ఆగిపోయింది. రమేష్ బాబు తీగ పీకేశాడు. ఆవిడ మైకు కింద పడేసి ఉత్త గొంతుతో అరిచింది.

"నా మాట విని వెళ్లింది!"

వెంకన్న ఐసు పెట్టె దగ్గర నుంచి లేచాడు. "రాళ్లు పడ్డాయన్నావు కదక్కా. ఆటోలో. అమ్మ అడిగితే."

"పడలేదురా. ఒక్కటీ పడలేదు. అబద్ధం చెప్పాను."

గణేష్‌బాబు గేటు తీసుకుని వచ్చేశాడు. "విన్నారాండీ ఆర్డీవో గారూ? ఆవిడే చెప్తున్నారు. భూకంపమని."

రాజేశ్వరి వాడి మీదకి తిరిగింది. "ఆ గోడ పగిలింది నీ మందుకిరా! పగలని గోడైతే ఆ ఊపుకి పడేదా? కొవ్వూరులో ఒక్క గోడైనా పడిందా? అది కూడా రాయండి ఆర్డీవో గారూ! నేను చేసింది నేను ఒప్పుకున్నాను, వాడు చేసింది వాడి చేత ఒప్పించండి!"

ఆర్డీవో తల ఊపాడు. పరిశీలిస్తామమ్మా అన్నాడు. పక్కనున్న గుమాస్తా చెవిలో ఒక్క ముక్క చెప్పాడు, గుమాస్తా ఒక్క ముక్కే రాసుకున్నాడు. ఆ ముక్క ఏంటో అక్కడ ఎవరికీ తెలియనిది కాదు. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు. వెనకాలే టెంటు సగం ఖాళీ అయింది. పోతూ పోతూ ఒకడు ఆవిడ కాళ్ల దగ్గర ఉమ్మేశాడు. రమేష్ బాబు చేతిలో తీగ చుట్టుకుంటూ, "ఇన్నేళ్లది ఒక్క నిమిషంలో తగలబెట్టావు కదక్కా" అన్నాడు. ఏడుస్తున్నాడు. "మనసులో పెట్టుకుని కుమిలితే సరిపోయేది కదా. ఊరి ముందు చెప్పడమెందుకు?"

ఆవిడ దగ్గర జవాబుంది. కాటా షెడ్డు వైపు చెయ్యి చూపించింది. వాడు అటు చూడలేదు.

అప్పాయమ్మని శ్మశానానికి ఎత్తారు. రాజేశ్వరి కూడా నలుగురి వెనక నడవబోయింది. శ్రీదుర్గ అడ్డం నిలబడింది.

"నువ్వు రాకు."

"దుర్గా..."

"నువ్వు చెప్పకపోయుంటే రాళ్ల వల్ల పోయిందనుకునేదాన్ని. వాళ్లని తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటే కడుపు చల్లబడేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను? మా అత్త రోజూ నీ మరలో కూర్చునేది. ఆవిడకి నువ్వంటే నాకంటే ఎక్కువ." ఆ పిల్ల కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊరంతా తిరిగి లోపలికి పొమ్మని నేర్పావు కదా. మళ్లీ తిరుగు. బయటికి రమ్మని నేర్పు. ఎవరు తిట్టినా తిరుగు. అంతవరకూ మా గుమ్మంలోకి రాకు."

"వస్తే..."

"వచ్చినా నేను మాట్లాడతానని చెప్పడం లేదు."

శవం ముందుకి వెళ్లిపోయింది. రాజేశ్వరి ఊళ్లోకి తిరిగొచ్చింది. మైకు లేదు. మొదటి ఇంటి తలుపు కొట్టింది. లోపల నుంచి ఎవరూ పలకలేదు గానీ, టీవీ సౌండు పెరిగింది. రెండో ఇంటావిడ తలుపు తీసి, ఎవరో చూసి వేసేసింది. తలుపు ముందే నిలబడి రాజేశ్వరి ఆ చెక్కకి చెప్పింది. సైరన్ మోగితే లోపలికమ్మా. సైరన్ లేకుండా ఊగితే బయటికి. పిల్లల్ని తీసుకుని, గోడలకి దూరంగా. మర హోరులో పిండి ఆడించుకునేవాళ్లతో బేరం చేసే గొంతు ఆవిడది, తలుపు అడ్డమైతే ఆగేది కాదు.

ఇంకో ఇంటి అరుగు మీద ఆ గేటు దగ్గర అరిచిన ముసలాడే కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"సైరన్ లేని అదురంటే దొంగ పేలుడు కూడా కావచ్చు కదే. రాళ్లొస్తే?"

రాజేశ్వరి నోరు తెరిచింది. మాస్టారు దీని గురించి చెప్పలేదు. తనూ అడగలేదు. దొంగ పేలుళ్లు ఉన్నంతకాలం బయట రాయి, లోపల గోడ. ఏదని చెప్పాలి?

"నాకు తెలియదు బాబాయ్" అంది. ఈ ఊళ్లో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. "ముందు పేలుడో కాదో చూడాలి. ఒక్క దెబ్బతో పోతే పేలుడు. పోకుండా ఊగుతుంటే భూమి. దుమ్ము లేస్తుందేమో చూడు. తేల్చుకోలేకపోతే..."

"తేల్చుకునేలోపు పోతాం."

"పోవచ్చు. అందుకే ఆ దొంగ పేలుళ్లు ఆపించాలి. మళ్లీ మొదటి నుంచీ తిరగాలి."

"నీ వెనక ఎవడొస్తాడే ఇప్పుడు?"

"ఎవడూ రాడు" అంది రాజేశ్వరి. "నువ్వు లేచి ఒకసారి బయటికి నడిచి చూపించు. ఆ తీగల కిందకి కాదు, ఇటు. మోకాళ్ల నొప్పులు తరవాత చెబుదువు గానీ, లే."

ముసలాడు గొణుక్కుంటూ లేచాడు. ఆవిడ చెయ్యి అందించబోయింది. అతను ఆ చెయ్యి పట్టుకోలేదు. అరుగు పట్టుకుని తనే దిగి, ఖాళీ స్థలం దాకా నడిచి, అక్కడ నిలబడ్డాడు.

"ఇంకొంచెం ముందుకి" అంది రాజేశ్వరి.